ఈసారి తిరిగిన తాళంచెవి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందిన మూడు నెలలకు జవాబు రాస్తున్నాను, మన్నించు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ సగంలో ఆపవలసి వచ్చింది. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఇల్లు మారే సంగతి ఇంకా తేలలేదు, తక్కినవి మరోసారి రాస్తాను. పోయిన గురువారం నేను పాఠం చెప్పే ఏడో తరగతిలో జరిగినది నీకు చెప్పేవరకు నా మనసు వేరే పని మీద నిలవదు. ఇదీ ఏదో చిన్న సంగతేనా అని నవ్వుకుంటున్నావని తెలుసు. కాదు, అంతకంటే పెద్దది.

కిటికీ పక్కన కూర్చునే అబ్బాయి గురించి క్రితం ఉత్తరంలో రాశాను, గుర్తుందా? పైకి చదవమంటే ప్రతి వత్తు దగ్గరా ఆగుతాడు, గొంతు సన్నబడుతుంది, మూడో వాక్యానికల్లా తల దించుకుంటాడు. అతనికి చదివినది అర్థం కావడం లేదని నేను ఏడాదిగా నమ్ముతూ వచ్చాను. అతని ముందు బల్ల మీది అమ్మాయి ఒక్క అక్షరం తడబడకుండా చదువుతుంది కనుక ఆమె గురించి నాకు ఏ బెంగా ఉండేది కాదు. ఈ రెండు నమ్మకాలూ ఒకే పూటలో కూలిపోయాయి.

ఆ రోజు పాఠ్యపుస్తకం తెరవలేదు. ఒక అమ్మాయి, ఆమె తమ్ముడు, తాళం వేసిన పాత పెట్టె, ఎక్కడో దొరికిన తాళంచెవి, ఇంతే కథగా తొమ్మిది చిన్న పేరాలు నేనే రాసి, వాటిని విడివిడి చీటీలుగా కత్తిరించి, కలిపేసి, నలుగురికొక కవరు చొప్పున ఇచ్చాను. వరుసగా పేర్చడం ఒక్కటే చాలదని, ఏ చీటీ దేని తర్వాత ఎందుకు రావాలో అందులోని మాట మీద వేలు పెట్టి చూపించాలని, "అలా అనిపించింది" అంటే ఒప్పుకోనని ముందే చెప్పాను. ఈ షరతు లేకపోతే పిల్లలు కథను ఊహించి పేర్చేస్తారే తప్ప చదవరు.

ముందు బల్ల అమ్మాయి చకచకా పేర్చింది. తాళంచెవి దొరికిన చీటీ కిందనే "గట్టిగా తిప్పింది. తుప్పు పట్టిన ఆ తాళంచెవి ఈసారి తిరిగింది" అన్న చీటీ పెట్టింది. జట్టులో ఇద్దరు సరేనన్నారు. అప్పుడు కిటికీ పక్క అబ్బాయి ఆ చీటీని తన వైపు లాక్కుని, "ఈసారి అని ఉంది కదా. అంటే ముందొకసారి తిరగలేదు. తిరగని చీటీ ఏది?" అన్నాడు. ఏడాదిలో అతని నోట నేను విన్న అతి పొడవైన మాట అది. వెతికితే దొరికింది, తాళంచెవికి నూనె రాసే చీటీతో సహా.

అక్కడితో ఆగలేదు. "తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు" అని మరొక చీటీ ఉంది. ఎవరు చూశారో నేను రాయలేదు, మన భాషలో రాయనక్కరలేదు కూడా. "చూసింది అనలేదు, చూశాడు అన్నారు. అయితే తమ్ముడే. తమ్ముడు ఇంటికి వచ్చాక గానీ ఇది రాకూడదు" అన్నాడతను. క్రియ చివరి అక్షరం ఇంత సాక్ష్యం చెబుతుందని నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు! మరో జట్టు వాన కురిసే చీటీని మొట్టమొదట పెట్టింది. నా వరుసలో అది ఆరోది. ఆ చీటీని ముందువెనుకలకు కట్టే మాట ఒక్కటి కూడా అందులో లేదని వాళ్లు చూపించాక, వాళ్ల వరుసా సరైనదేనని బోర్డు మీద రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. మిగిలిన జట్లు నమ్మకపోవడంతో అతను తన చీటీ పట్టుకుని ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్లి చదివి వినిపించాడు. గట్టిగా, తిప్పింది, తుప్పు, పట్టిన: నాలుగు వత్తులు. మొదటి బల్ల దగ్గర రెండు చోట్ల ఆగాడు, నాలుగో బల్ల దగ్గర ఎక్కడా ఆగలేదు. చిన్న భాగాన్నే మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లో వివరించాడని మనం కలిసి చదువుకున్నాం కదా. నేను అలా చదివించబోయినప్పుడల్లా అతనికి అది శిక్షలా తోచింది. ఎదుటివారిని ఒప్పించవలసి వచ్చేసరికి తనంతట తానే చదివాడు.

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన లెక్క కూడా నాకు ఆ రోజే ఒంటబట్టింది. అక్షరాలను పలకగలగడం, భాష అర్థం చేసుకోవడం, ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే లబ్ధమే చదివి గ్రహించడం అన్నారు వాళ్లు. మొత్తం కాదు, లబ్ధం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత పెద్దదైనా ఫలితం సున్నాయే. నేను ఏడాది పొడవునా ఒక్క రాశినే కొలుస్తూ, రెండోది కూడా తెలిసిపోయిందనుకున్నాను. ఆ పిల్లవాడు ఎన్ని రోజులు అలా తల దించుకుని... ఈ సంగతి తలచుకుంటే బాధగా ఉంది, ఇంకోసారి రాస్తాను.

అతనికి వచ్చే వారం ఈ కథనే పాత్రల వారీగా విడదీసి ఇస్తాను. కంఠస్థం చేయనక్కరలేదు, కాగితం చూస్తూ గొంతుతోనే నటించాలి. సాధన పేరిట పదిసార్లు చదువుతాడు. అమ్మాయికి వేరే దారి కావాలి. పాలిన్‌సార్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో రాసినది సరిగ్గా ఇటువంటి ఏడో తరగతి పిల్లల గురించే, చక్కగా చదివి అర్థం దగ్గర ఆగిపోయేవారి గురించే. తర్వాత ఏమవుతుందో ఊహించడం, ప్రశ్న వేయడం, తెలియనిది తేల్చుకోవడం, సారాంశం చెప్పడం, ఈ నాలుగు పనులనూ జట్టులో వంతులవారీగా చేయిస్తాను. ఉపాధ్యాయుడి స్థానంలో ఆమె కూర్చుని ప్రశ్నలు వేసే రోజు కోసం చూస్తున్నాను.

అన్నట్టు, బడి విడిచాక ఆ కవరు ఇంటికి తీసుకువెళ్తానని ఆమె అడిగింది. సోమవారం తిరిగి ఇచ్చినప్పుడు అందులో పది చీటీలున్నాయి. పదోది ఆమె చేతిరాత. పెట్టెలో ఏముందో నేను కథలో చెప్పనే లేదు, ఆమె రాసింది. "అప్పటికి" అన్న మాటతో మొదలుపెట్టింది. దాన్ని ఎక్కడ పేర్చాలని కిటికీ పక్క అబ్బాయిని అడిగితే అతను

గంట కొట్టారు. పిల్లలు వచ్చేస్తున్నారు, తక్కినది రేపు రాస్తాను.

నీ మిత్రుడు