పరుపు కాదురా, మాసిన బట్టలు!

ఒరేయ్ పెద్దమనిషీ,

ఉత్తరం ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం, పెద్దాడి పరీక్షలు అయిపోయాయి. మిగతావి తర్వాత. నువ్వు ప్రయాణం పెట్టుకున్నావని తెలిసిన దగ్గర్నుంచీ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. నల్లుల సంగతి!

నవ్వకు. హోటల్ గదిలో అడుగు పెట్టగానే టార్చి తీసి పరుపు చూస్తావు. తెలుసులే, టార్చిస్వామివి. చూశాక ఏం చేస్తావు? విప్పిన చొక్కా కుర్చీ మీద, సాక్సు తెరిచిన పెట్టెలో. అక్కడే కొంప మునుగుతుంది. 2017లో ఇంగ్లండులోని షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు ఉతికిన బట్టల సంచులూ మాసిన బట్టల సంచులూ ఒకే గదిలో పెట్టి నల్లుల్ని వదిలారు. మాసినవాటి మీద చేరినవి ఇంచుమించు రెట్టింపు! మన ఒంటి వాసన బట్టకి పట్టి ఉంటుంది కదా, నువ్వు ఊరు చూడ్డానికి పోయినా నీ చొక్కా వాటిని పిలుస్తూనే ఉంటుంది. ఎగరలేవు, గెంతలేవు, నడిచే వస్తాయి. అలా పెట్టెలో చేరి నీతోపాటు టిక్కెట్టు లేకుండా ఇంటికి.

అందుకని విప్పిన బట్ట విప్పినట్టే జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలోకి పోవాలి. మూతి మడిచి వదిలేస్తే చాలదు. అప్పుడే పుట్టిన పిల్ల నల్లి ఒకటిన్నర మిల్లీమీటరు, దానికి ఆ మడత రాజమార్గం.

పరుపు చూడొద్దని కాదురా, నీ పద్ధతే తలకిందులు. ముందు పెట్టె బాత్రూమ్ గచ్చు మీద పెట్టు. తర్వాత తలవైపు నుంచి మొదలెట్టు, నిద్రపోయే మనిషికి దగ్గర్లోనే దాక్కుంటాయి కాబట్టి. దుప్పటి తెల్లగా ఉందని మురిసిపోకు, దాన్ని మారుస్తూ ఉంటారు. మూలల్లో దుప్పటి ఎత్తి పరుపు కుట్టు అంచు వేళ్లతో విప్పి చూడు, ఆ తర్వాత పరుపు అడుగు, తలవైపు చెక్క వెనక, మేకుల కన్నాలు, పక్కనున్న సొరుగు కీళ్లు. సిరా చుక్కల్లాంటి నల్లమచ్చ కనిపిస్తే తడిగుడ్డతో రుద్దు. గోధుమ ఎరుపుగా అలుక్కుంటే అది నల్లి రెట్ట అని అనుమానించు. మిల్లీమీటరు పొడవు తెల్ల గుడ్లు, లేత గోధుమరంగు పొట్టు కూడా గుర్తులే. పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు, కంటికి బాగానే ఆనుతుంది. దొరికితే గది మార్చమను. పక్క గదీ, సరిగ్గా పైదీ, కిందిదీ మాత్రం వద్దు. గోడ సందుల్లోంచి, వైర్ల వెంట అటూ ఇటూ తిరుగుతాయి.

“నాకు దద్దుర్లు రాలేదు, కాబట్టి నల్లులు లేవు” అని ఎగిరిన మహానుభావుడి పేరు ఎత్తను. కొందరికి అసలు రావు, కొందరికి రెండు వారాలకి గానీ తేలవు. మరీ భయపడకు, నల్లి కాటుతో మనుషులకి రోగాలు అంటుకుంటాయని ఇంతవరకూ తేలలేదు. గోకుడే గోకుడు, నిద్ర చెడడం, అంతే.

ఇంటికొచ్చాక పెట్టె మంచం ఎక్కించావో, మన స్నేహం కటీఫ్. బట్టలు పొడిగా ఉండగానే డ్రయ్యర్లో గట్టి వేడి మీద అరగంట తిప్పు, ఉతుకుడు తర్వాత. తడి బట్ట వేస్తే ముందు వేడంతా నీళ్లు ఆరడానికే పోతుంది. డ్రయ్యర్ లేదా, బట్ట తట్టుకుంటే 60 డిగ్రీల నీళ్లలో ఉతుకు. వేడికి ఆగని వస్తువులు సంచిలో మూసి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో నాలుగు రోజులు. పెట్టె కుట్లూ జిప్పు పళ్లూ చక్రాల సందులూ వాక్యూమ్‌తో లాగి, ఆ దుమ్ము సంచి వెంటనే కట్టి బయట పారెయ్.

ఎండలో పెడతానంటావు, నాకు తెలుసు. గుడ్లతో సహా చావాలంటే 48 డిగ్రీల వేడి 90 నిమిషాలు ఆగకుండా తగలాలి. పెట్టె పైన కాలుతుంది గానీ బట్టల మధ్యకి ఆ వేడి చేరుతుందన్న నమ్మకం లేదు, అవేమో చల్లటి చోటు వెతుక్కుంటాయి. కలరా ఉండలు కూడా దండగ. స్ప్రేల సంగతంటావా, మామూలుగా దొరికే మందులకి చాలా నల్లులు ఎప్పుడో అలవాటు పడిపోయాయి. కిరసనాయిలు జోలికి మాత్రం పోకు, నల్లి కంటే ముందు ఇల్లు అంటుకుంటుంది.

ఇంకా బస్సుల్లో, రైళ్లలో సీటు కుట్లు ఎలా చూడాలో రాయాలి, అది వేరే కథ, అక్కడ టార్చి కంటే... అయ్యో, బయట హారను కొడుతున్నారు, నేను ఇంకా చెప్పులు కూడా వేసుకోలేదు. జిప్ సంచులు మర్చిపోకు, రెండు ఎక్కువే పెట్టుకో

నీ
బక్కోడు