కార్డు ముక్కల వెనక రాసిన ఉత్తరం

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

కవరు చింపగానే ఇవేం అట్టముక్కలురా అనుకుంటావు. పెళ్ళికార్డులు కటింగ్ చేయగా మిగిలినవి. వెనకవైపు తెల్లగా ఉన్నాయి, పారేయబుద్ధి కాలేదు. మూలన నంబర్లు వేశాను, వరుసలో పెట్టుకుని చదువుకో.

మొన్న ఫోన్లో "మా ఇంటి పెళ్ళికి కార్డులెందుకురా, ఒక వీడియో చేసి పడేయ్, చాలు" అన్నావు. ప్రెస్సులో మిషన్ చప్పుడులో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వాట్సాప్‌లో ఇంత రాస్తే నువ్వు చదవవు, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే ఈ కొరియర్ ఖర్చు.

వీడియో చేస్తాను, గొడవ దాని గురించి కాదు. నీ మేటర్ గురించి, అదే, కార్డులో వేయాల్సిన రాత గురించి. ఈ పది రోజుల్లో పదకొండు మార్పులు పంపావు. మా నాన్న ఉంటే నిన్ను బోసు రోడ్డు చివరిదాకా తరిమేవాడు.

అక్షరాలు పేర్చే మన కంపోజింగ్ మేస్త్రీ గుర్తున్నాడా? ఎడంచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కళ్ళు కాగితం మీద, కుడిచెయ్యి మాత్రం దానంతటదే గళ్ళపెట్టె కేసులోకి పోయి కావలసిన అక్షరం పట్టుకొచ్చేది. ఇంగ్లీషు వాళ్ళకి ఉన్నవి ఇరవయ్యారు అక్షరాలు. మనకి గుణింతాలూ వత్తులూ కలిపితే వందల గళ్ళు. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన టైపు, అద్దంలో చూసినట్టు తిరగేసి ఉండేది. ఆయన తిన్నగా ఉన్న పేపరు కంటే టైపు పేర్చి బిగించిన తిరగబడ్డ ఫర్మానే వేగంగా చదివేవాడు. మాఘమాసం వచ్చిందంటే 'సౌ' అయిపోయేవి. కార్డు కార్డుకీ చి॥ల॥సౌ॥ ఉండాలి కదా! పక్క ప్రెస్సు నుంచి తంబాకు డబ్బాలో అప్పు తెచ్చుకునేవాళ్ళం. ఒకసారి నువ్వే తెస్తూ తెస్తూ కాలవగట్టు మీద ఒలకబోసి, మట్టిలో కూర్చుని ఏరుకొచ్చావు. రెండు 'సౌ'లు ఇంకా ఆ గట్టులోనే ఉన్నాయి, నా లెక్క ప్రకారం.

ఫర్మా బిగించి ట్రెడిల్ మిషన్ ఎక్కించాక ఇక మార్పుల్లేవు. దిద్దడానికి తీసిన ప్రూఫు మీద పెళ్ళికూతురి తండ్రి సంతకం పెడితేనే అచ్చు. అయినా ఒకసారి 'ఉ॥ 9.42' ఉండాల్సిన చోట 'రా॥ 9.42' పడింది. పెద్దాయన సంతకం పెట్టేశాడు, మేమూ చూడలేదు. ఆరువందల కార్డులు! చిన్న చీటీలు కొట్టించి, మైదా జిగురుతో రాత్రంతా ఇంటిల్లిపాదీ అంటించాం. మా అమ్మ అంటించినవాటిలో ఒక్కటీ వంకర పోలేదు. ఆ తరవాత సంతకం ఒకటి సరిపోదని మా నాన్న ముహూర్తం గంటలు గట్టిగా పైకి చదివించుకునేవాడు.

తొంభైల చివర మేం కంప్యూటర్ కొన్నాం. పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు. సీసం కిలోల లెక్కన అమ్మేశాం. మేస్త్రీని కీబోర్డు ముందు కూర్చోబెడితే వేళ్ళు గాలిలో ఆడించి "గళ్ళేవిరా?" అన్నాడు. రెండు నెలలు బైండింగులో కూర్చుని మానేశాడు. నేను ఆపలేదు. ఆపి ఏం పని ఇచ్చేవాణ్ణో ఇప్పటికీ తేలలేదనుకో, కానీ అడగనైనా అడగలేదు.

నవ్వొచ్చే సంగతేంటంటే, పేజ్‌మేకర్‌కి 2001లో 7.0 వచ్చింది, ఆ తరవాత కొత్త వెర్షనే లేదు. నా రెండో సిస్టంలో అదింకా బతికే ఉంది. పాతికేళ్ళ పాత ఫైళ్ళు కొన్ని అందులోనే తెరుచుకుంటాయి మరి. ఆ పాత ఫాంట్లలో మన అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో అద్దెకుంటాయి. ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు కనిపిస్తుంది. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి సొంతిల్లు 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే ఇచ్చారు. ఫోన్లలో అందరూ కొడుతున్నది అదే. నువ్వు వాట్సాప్‌లో పంపినదాన్ని నా పాత ఫాంటులోకి తెచ్చుకోవాలంటే కన్వర్టర్‌లో వేయాలి. మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి దిగితే దానికి దడ. 'లక్ష్మి'ని వేస్తే 'లక్షి' బయటికొస్తుంది. లక్ష్మి లేని పెళ్ళికార్డు ఎక్కడైనా ఉంటుందా చెప్పు! మా కుర్రాడు "అంకుల్, అంతా కొత్త ఫాంట్లలోకి మారిపోదాం" అని రోజూ పోరుతుంటాడు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ అంటూ ఉచితంగా దొరికేవి బాగానే ఉన్నాయి, కాదనను. నా వేళ్ళు పాత కీబోర్డుకి అలవాటు పడ్డాయి, అదీ అసలు సంగతి. మేస్త్రీని చూసి నవ్వినవాణ్ణి నేనే.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది, ఆ తరవాత ఊళ్ళో ప్రతి చేతిలోనూ వీడియో ఆడింది. పెళ్ళికార్డుని మాత్రం అసలు దెబ్బ కొట్టింది 2020. పెళ్ళికి 50 మందికి మించి రాకూడదన్నారు. యాభై మందికి ఎవడు ప్లేట్లతో కొట్టే ఆఫ్‌సెట్ అచ్చు వేయిస్తాడు? వంద కొట్టినా వెయ్యి కొట్టినా నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు చేయాల్సిందే, ఆ ఖర్చు తగ్గదు. జనం వీడియోకి మళ్ళారు, ఆంక్షలు ఎత్తేశాక కూడా వెనక్కి రాలేదు. ఇప్పుడు నా దగ్గర వెయ్యి కార్డుల ఆర్డరు అంటే పండగే. నూటయాభై, రెండొందలు, అంతే. ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ మిషన్ అప్పు చేసి తెచ్చుకోబట్టి గట్టెక్కాను. నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టేవీ, బొట్టు పెట్టి పెద్దవాళ్ళ చేతికిచ్చేవీ ఇంకా కాగితమే. తక్కినవాళ్ళకి ఫోన్లో.

(మన బోర్డుల ఆర్టిస్టు గురించి అడిగావు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చి ఆయన కుంచె ఎండగట్టాయి. 2022 జులైలో వంద మైక్రాన్ల మందం లోపు పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లు నిషేధమన్నప్పుడు, పొద్దున్నే షాపు తీసి రంగు డబ్బాలు కడిగి కూర్చున్నాడట. ఎవరూ రాలేదు.)

నీ మార్పుల దగ్గరికొస్తా. సీసం రోజుల్లో ఇంట్లో వాళ్ళు పేర్ల కోసం, వరసల కోసం కొట్టుకుని, తేల్చుకుని వచ్చేవాళ్ళు. దిద్దడం కష్టం కాబట్టి ముందే తేలేది. ఇప్పుడు దిద్దడానికి అర నిమిషం చాలు, అందుకే ఏదీ తేలదు. రాత్రి పదకొండున్నరకి "అన్నా, చిన్న మార్పు" అని వాయిస్ మెసేజ్ వస్తుంది. బాబాయి పేరు తీసెయ్. పొద్దున్నే పెట్టెయ్. మీ ఇంట్లో అలిగిన బాబాయిలు ఎంతమందో నాకిప్పుడు వరసగా తెలుసు! ఒకాయన మైకు నొక్కి మేటర్ మొత్తం చెప్పేశాడు, మధ్యలో "ఆ కుక్కర్ ఆపవే" అన్నది కూడా టైపయి వచ్చింది. అచ్చుకి పోయేలోపు మా కుర్రాడు పట్టుకున్నాడు.

నువ్వు ఏఐతో చేయించి పంపిన వినాయకుడి బొమ్మ చూశాను. పైన ఒక చేతికి ఆరు వేళ్ళున్నాయి. మోదకం తొండంలో కలిసిపోయింది. కింద 'శ్రీరస్తు' అనుకుంటా, దూరం నుంచి తెలుగులానే ఉంది, దగ్గరికెళ్తే ఏ భాషా కాదు. అది వద్దు బావా. మా నాన్న నాటి బ్లాకు ఒకటి ఉంది, చెక్కమీద బిగించిన జింకు వినాయకుడు. అచ్చు తీసి స్కాన్ చేసి పెట్టాను. ఎడమ చెవి దగ్గర కొంచెం అరిగింది. ఉండనీ.

వీడియోకి నీ ఇష్టం. పాటలూ పూలూ ఎన్నైనా పెట్టుకో, పుణెలో మీ ఆఫీసు వాళ్ళు ఎలాగూ తెలుగు చదవలేరు. కార్డు మాత్రం ఇలా చేద్దాం: ప్రూఫు ఇందులోనే పెట్టాను. ఎర్రపెన్నుతో దిద్దు, మీ ఆవిణ్ణీ పక్కన కూర్చోబెట్టుకో, ముహూర్తం పైకి చదువు, కింద సంతకం పెట్టి ఫోటో తీసి పంపు. ఒక్కసారే. తరవాత బ్రహ్మదేవుడు ఫోన్ చేసినా ఎత్తను.

మీ అమ్మగారి పేరులో మ వత్తు ఉంది, రెండుసార్లు చూశాను. నువ్వూ చూడు.

ఇట్లు,
నీ ప్రెస్సోడు