బ్యాకప్ ఉందంటారు సరే, రీస్టోర్ చేసి చూశారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మిర్యాలగూడ, నల్లగొండ, సూర్యాపేట చుట్టుపక్కల మిల్లుల్లో, కాలేజీల్లో, నర్సింగ్ హోమ్‌లలో సర్వర్లు చూసుకునే పని నాది. 'సర్వర్ డౌన్, జనం పడిగాపులు' అన్న వార్త జిల్లా పేజీలో తరచూ వస్తుంది, ఒకటి రెండు రోజులకు సర్వర్ లేస్తుంది, అందరం మర్చిపోతాం. అసలు లేవకపోతే పరిస్థితి ఏంటన్నది ఎక్కడా కనబడదు కాబట్టి ఈ ఉత్తరం.

ఏ ఆఫీసుకు పోయినా ముందు నేను అడిగేది ఒకటే, బ్యాకప్ నుంచి, అంటే విడిగా తీసి దాచిన కాపీ నుంచి, డేటా వెనక్కి తెచ్చి (రీస్టోర్ చేసి) చూసింది చివరిసారి ఎప్పుడు అని. జవాబు కూడా ఎక్కడైనా ఒకటే: "బ్యాకప్ రోజూ పోతనే ఉంది గదన్నా." పోతున్న మాట నిజమే. పోయింది తిరిగొస్తుందో లేదో చూసినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

ఒక రైస్ మిల్లు సంగతి చెప్తాను. వానాకాలం వడ్లు దిగే రోజులు, కాంటా దగ్గర లారీలు లైను కట్టి ఉన్నాయి, సర్వర్‌లో హార్డ్ డిస్క్ పోయింది. లారీ నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, రైతు పేరు, ఇవ్వాల్సిన బాకీ అన్నీ అందులోనే. బ్యాకప్ ఫోల్డర్ తెరిస్తే చూడముచ్చటగా ఉంది, రోజుకో ఫైలు, పేరులోనే తేదీ, ఒక్క రోజు తప్పలేదు. పక్కన సైజు చూస్తే కొన్ని నెలలుగా అన్నీ 0 కేబీ. ఏమైందంటే, సాఫ్ట్‌వేర్ వాళ్లు మధ్యలో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్టులో పాతదే ఉండిపోయింది. డేటాబేస్ కాపీ (డంప్) తీసే మై ఎస్‌క్యూఎల్ డంప్ అనే ప్రోగ్రామ్ ఇలా లాగిన్ కాలేక ఆగిపోయినా, దాని కోసం ముందే తెరిచిన ఫైలు ఖాళీగా అక్కడ మిగిలిపోతుంది. దాన్ని జీజిప్‌తో కుదించి పెడితే ఇంకా మోసం, లోపల ఏమీ లేకపోయినా 20 బైట్లు ఉంటుంది, విండోస్‌లో అది 1 కేబీ అని కనబడి ఏదో ఉందిలే అనిపిస్తుంది. గుమస్తా రోజూ పొద్దున్నే ఫైలు వచ్చిందా లేదా చూసి రిజిస్టర్‌లో టిక్కు కొడుతూనే ఉన్నాడు, అతన్ని అనడానికేం లేదు, తెరిచి చూడమని అతనికి ఎవరు చెప్పారు గనక? చివరికి కాంటా చిట్టీల కార్బన్ కాపీలు ముందేసుకుని రాత్రింబవళ్లు కూర్చుని మళ్లీ ఎక్కించారు, చిట్టీ దొరకని చోట రైతు చెప్పిందే లెక్క.

పల్లెటూరి మిల్లు కాబట్టి ఇలా జరిగిందనుకోకండి. గిట్‌ల్యాబ్ అని ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే కంపెనీ ఉంది, 2017 జనవరి 31న అక్కడి ఇంజినీరు ఒకతను పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్నే తుడిచేశాడు. సుమారు 300 జీబీ. బ్యాకప్‌కు, నకలుకు వాళ్ల దగ్గర ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి, అవసరం పడ్డప్పుడు ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. రోజువారీ డంప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూనే ఉందట, ఫెయిలైందని చెప్పాల్సిన మెయిళ్లు కూడా మెయిల్ సర్వర్ తిప్పికొట్టడంతో ఎవరికీ చేరలేదు. అదృష్టం బాగుండి ఆరు గంటల ముందు ఇంకో పని కోసం తీసిన కాపీ ఒకటి దొరికింది, దానితో బయటపడ్డారు. ఇదంతా దాచుకోకుండా వాళ్లే బయటపెట్టారు, ఆ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి.

రైడ్ (ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే ఏర్పాటు) పెట్టించాం, రెండు డిస్కులున్నాయి, మాకేం భయం అంటారు కొందరు. ఒక డిస్కు కాలిపోతే రెండోది నడుస్తుంది, అంతవరకే రైడ్ పని. ఆపరేటర్ తప్పు ఫోల్డర్ డిలీట్ కొడితే అదే క్షణం రెండింట్లోనూ పోతుంది. ఇంకొందరు ఎక్స్‌టర్నల్ డిస్కు కొని సర్వర్ వెనక ఏడాది పొడవునా గుచ్చే ఉంచుతారు, మీద వేలెడంత తవుడు దుమ్ము. ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్, వచ్చినప్పుడు సర్వర్‌తో పాటు దానికీ తాళం పడుతుంది, తగిలించి ఉన్న ప్రతి డ్రైవూ వైరస్‌కు కనిపిస్తుంది కదా. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను అదే సర్వర్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకున్నవాళ్లనూ చూశాను, వాళ్ల గురించి ఇంకేం చెప్పను.

మూడు కాపీలు, రెండు రకాల మీడియా (డిస్కు, టేపు లాంటివి), ఒకటి వేరే చోట అని ఈ రంగంలో పాత సూత్రం ఉంది, అందులో వేరే చోటు అన్నదే మనవాళ్లకు ఎక్కదు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి వైపు ఊళ్లకు ఊళ్లే మునిగినప్పుడు పక్క గదిలో పెట్టిన డిస్కు ఏం చేస్తుంది? అంత వరద రావక్కర్లేదు, అగ్గి చాలు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని, అక్కడి ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల డ్రైవ్ మొత్తం కాలిపోయింది. సైజు మరీ పెద్దదని బయట కాపీ పెట్టలేదట. టెక్నాలజీలో వాళ్లకెంత పేరో మనకు తెలుసు.

కాపీ భద్రంగా ఉన్నా సరిపోదు, తేవడానికి ఎంతసేపు పడుతుందన్నది ఇంకో లెక్క. ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై 2022 నవంబరు 23న సైబర్ దాడి జరిగింది. చెక్కుచెదరని బ్యాకప్ ఉండబట్టి డేటా తిరిగి వచ్చింది, అయినా దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు చేత్తో రాశారు. మన దగ్గర క్లౌడ్‌లో పెట్టాం అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి: ఒక టీబీ (టెరాబైట్) డేటా 100 ఎంబీపీఎస్ లైన్ మీద నిండు వేగంతో దిగినా 22 గంటలు దాటుతుంది, మన లైన్లు నిండు వేగంతో ఎప్పుడొస్తాయో మీకూ తెలుసు. ఆ 22 గంటలు నర్సింగ్ హోమ్‌లో పాత రిపోర్టులు ఎవరు చూపిస్తారు, లారీల బిల్లులు ఎవరు కొడతారు?

చట్టం కూడా ఈ మాటే చెప్తుంది, ఎవరూ చదవరు. జీఎస్టీ రూల్ 57 ప్రకారం ప్రమాదం వల్లో ప్రకృతి వల్లో రికార్డులు పోతే సహేతుకమైన సమయంలో తిరిగి తేగలిగేలా ఎలక్ట్రానిక్ బ్యాకప్ ఉండాలి. లెక్కల పుస్తకాలేమో వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కంపెనీగా రిజిస్టరైతే 2022 ఆగస్టు సవరణ తర్వాత పుస్తకాల బ్యాకప్ మన దేశంలోని సర్వర్‌లో రోజూ ఉండాల్సిందే. ఆడిటర్లు బ్యాకప్ ఉందా అని అడిగి ఉంది అని రాసుకుని పోతున్నారు, నా కళ్లముందు వెనక్కి తెచ్చి చూపించు అంటే ఎంత బాగుండు.

విత్తనాలు కొన్న రైతు గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకుంటాడు, ఇదీ అంతే పని. కనీసం మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్ మీద బ్యాకప్ తెరవండి. నడుస్తున్న సర్వర్ మీద మాత్రం ప్రయోగాలు వద్దు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడేవాళ్లు రీస్టోర్‌ను తప్పకుండా వేరే ఫోల్డర్‌లోకి చేయాలి, లేదంటే ఈ రోజు లెక్కల మీద పాతవి వచ్చి కూర్చుంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయితే కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు, మూలన పడి ఉన్న పాత సిస్టమ్ ఆదుకుంటుందని ధీమాగా ఉన్నవాళ్లు ముందే చూసుకోండి. తెరుచుకుంది కదా అని ఆపకుండా నిన్నటి చివరి బిల్లు నంబరు ఉందా, ఎవరిదైనా ఒక పార్టీ బ్యాలెన్స్ కాగితంతో కలుస్తుందా చూడాలి, మొదలుపెట్టిన టైము, అయిపోయిన టైము రాసిపెట్టాలి. గంట పడితే గంట, రోజు పడితే రోజు, ఆ అంకె సేటుకు ముందే తెలియాలి.

చాలా చోట్ల ఏఎంసీలు (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందాలు) మార్చి, ఏప్రిల్‌లో రెన్యువల్ అవుతాయి. ఆ కాగితంలో 'బ్యాకప్ తీయబడును' అని ఒక లైను ఎప్పటినుంచో ఉంటుంది, దాని కింద మూడు నెలలకోసారి రీస్టోర్ చేసి చూపించి సంతకం తీసుకోవాలి అని ఇంకో లైను రాయించండి. సర్కారు ఆఫీసుల టెండర్లు తయారుచేసే అధికారులకూ ఇదే విన్నపం. మాలాంటి వాళ్లం దానికి కొంచెం ఎక్కువ అడుగుతాం, ఇవ్వండి.

ఇట్లు,
ఒక సర్వర్ మెయింటెనెన్స్ పనివాడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా