జన్యువులో ఒకటి, మెదడులో మరొకటి

సంపాదకులకు,

జన్యువులో ఉన్నదే ప్రోటీన్‌లోకి వస్తుందని చదువుకుని బెంగళూరు ల్యాబులకు వచ్చే మన తెలుగు పిల్లలు గ్లూఏ2 (మెదడు కణాల మీద గ్లూటమేట్ సంకేతాన్ని అందుకునే గ్రాహకంలో ఒక భాగం) దగ్గర తికమకపడుతుంటారు. డీఎన్ఏలో దాని ఒక కీలక స్థానంలో సీఏజీ, అంటే గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం. ఆర్ఎన్ఏలోని ఆ 'ఏ'ను అడార్2 ఎంజైము ఇనోసిన్‌గా మారుస్తుంది. ప్రోటీన్ తయారుచేసే రైబోసోము దాన్ని 'జీ'గా చదివి, గ్లూటమిన్ బదులు ఆర్జినిన్ పెడుతుంది. ఆ ఒక్క మార్పుతో గ్రాహకం కాల్షియాన్ని లోపలికి రానివ్వదు. అడార్2 లేని ఎలుకపిల్లలు మూర్ఛలొచ్చి 3 వారాల ప్రాయంలోనే చనిపోతాయి. గ్లూఏ2 జన్యువులోనే ఆ అక్షరం 'జీ'గా మార్చి పుట్టిస్తే, అడార్2 లేకపోయినా బతుకుతాయి. ఎంత గొప్ప రుజువు!

ఆర్ఎన్ఏ నుంచి తీసిన డీఎన్ఏ ప్రతి సీక్వెన్సింగ్‌లో (అక్షరాల వరుస చదవడంలో) 'జీ' శిఖరం కింద చిన్న 'ఏ' కనబడగానే ఎడిటింగ్ (పైన చెప్పిన అక్షర మార్పు) తగ్గిందని రాసేయకండి. ఆర్ఎన్ఏలో మిగిలిపోయిన డీఎన్ఏ కూడా అలాగే కనిపిస్తుంది. డీఎన్ఏను కరిగించే డీఎన్ఏస్ ఎంజైము వేయండి, ప్రైమర్లు (ప్రతులు తీయడం మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) వేర్వేరు ఎక్సాన్లలో (జన్యువులో ఆర్ఎన్ఏలో మిగిలే భాగాల్లో) పెట్టండి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏను డీఎన్ఏ ప్రతిగా మార్చే ఎంజైము) వేయని ట్యూబు ఒకటి తప్పకుండా పక్కన నడపండి.

— జీవశాస్త్ర అధ్యాపకులు, యలహంక, బెంగళూరు