పురుళ్ల పుస్తకం

బౌంటిఫుల్, యూటా
జూలై 25

అమ్మా,

ఫోన్ చేస్తే "తిన్నారా, పిల్లలు తిన్నారా, సరే బిల్లవుతుంది పెట్టేయ్" అంటావు. వాట్సాప్‌కి బిల్లు లేదని ఎన్నిసార్లు చెప్పినా అంతే. అందుకే కాగితం మీద రాస్తున్నా. వచ్చే వారం వదిన ఒంగోలు వస్తోంది, తన చేతికిచ్చి పంపుతాను. మధ్యాహ్నం కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు. నాన్నకీ వినిపించు, మధ్యలో కునుకు తీస్తే తియ్యనీ.

నిన్న మాకు సెలవు. అమెరికా మొత్తానికి కాదు, ఈ ఒక్క యూటాకే. 1847 జూలై 24న బ్రిగం యంగ్ వెంట మార్మన్లు ఈ లోయలోకి వచ్చారట, ఆ పండగ. ఊరేగింపులో పిల్లలు పాతకాలం గౌన్లు, టోపీలు వేసుకుని బుల్లి చేతిబండ్లు లాగారు. మా చిన్నదీ లాగింది, సగం దూరం. మిగతా సగం బండీ, అదీ రెండూ నా చంకలోనే.

మార్మన్లంటే మా పక్కింటివాళ్లే. కాఫీ, టీ ముట్టరు అని చెప్పాను కదా, వాళ్లు. జోసెఫ్ స్మిత్ అనే ఆయన 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలుపెట్టిన మతం. వెళ్లిన ప్రతిచోటా చుట్టుపక్కల వాళ్లతో గొడవలే. 1838లో మిస్సోరీ గవర్నరయితే వీళ్లని తరిమెయ్యాలి, లేదా తుడిచిపెట్టాలి అని రాతపూర్వకంగా ఉత్తర్వే ఇచ్చాడు. ఇల్లినాయ్‌లో నావూ అనే ఊరు కట్టుకుంటే 1844లో స్మిత్‌ని జైల్లోనే గుంపు కాల్చి చంపింది. ఇక బళ్లు కట్టుకుని పడమటికి బయల్దేరారు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, ఆ బళ్లలో ఒకదాన్ని నీలాగే పురుళ్లు పోసే ఆవిడ తోలింది.

ఆమె పేరు పాటీ సెషన్స్. 1795లో మెయిన్ రాష్ట్రంలోని బెతెల్‌లో పుట్టింది. పదిహేడో ఏట పెళ్లి. అత్తగారు మంత్రసాని. ఒకసారి ఎవరికో నొప్పులు ముదిరాయని కబురొస్తే, కీళ్లనొప్పులతో అత్తగారు నడవలేక వెనకబడింది. ముందు చేరిన కోడలే బిడ్డని బయటికి తీసింది. అక్కడితో మొదలు. తను ఎనిమిది మందిని కంటే పెద్దవాళ్లయింది ముగ్గురే, పెరిగ్రిన్, సిల్వియా, డేవిడ్. 1834లో మొగుడికంటే ముందే తను మార్మన్ మతం పుచ్చుకుంది.

1846 ఫిబ్రవరిలో నావూ వదిలిపెట్టే రెండు రోజుల ముందు కూతురు సిల్వియా ఆమెకి ఒక ఖాళీ పుస్తకం ఇచ్చింది. సిల్వియా వాళ్లతో వెళ్లలేదు, అక్కడే ఉండిపోయింది. మనకి తిరగేసి జరిగిందన్నమాట, తల్లి వెళ్లిపోయింది, కూతురు మిగిలింది. ఆ పుస్తకంలో పాటీ రాయడం మొదలుపెట్టి, తర్వాత వేరే పుస్తకాల్లో కలిపి 1888 దాకా రాసింది. ఇప్పుడవన్నీ అచ్చులో ఉన్నాయి. పక్కింటావిడ ఇస్తే నెల రోజులుగా చదువుతున్నా.

అబ్బ, ఎంత పొడి రాతో! నీ సబ్‌సెంటర్ రిజిస్టరే. "ఫలానా ఆమెని కొడుకుతో పడుకోబెట్టాను" అని రాస్తుంది. పురుడు పోశాను అనడానికి అప్పట్లో వాళ్ల మాట అది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఆడా మగా, డబ్బిచ్చారా. వానలో, బురదలో, డేరాల్లో, బళ్లలో పోసిన పురుళ్లు. కుదుపులకి నొప్పులొచ్చిన వాళ్లు, దిగాక కన్నవాళ్లు. మరుసటి ఏడాది, యాభై రెండేళ్ల వయసులో, ఇప్పటి ఒమాహా దగ్గర్నించి ఇక్కడి దాకా పదహారు వందల కిలోమీటర్లకు పైగా, నాలుగెద్దుల బండి తనే తోలుకొచ్చింది. నాన్నకి ఈ ముక్క రెండుసార్లు చదువు. నువ్వు స్కూటీ నేర్చుకుంటానంటే నలభై దాటాక ఎందుకే అన్నాడు కదా.

సెప్టెంబర్ 24న లోయలో దిగింది. ఎల్లుండికల్లా పురుడు. లోయలో పుట్టిన మొదటి మగబిడ్డ అని రాసుకుంది. అంటే వలస వచ్చిన తెల్లవాళ్లలో మొదటివాడు. యూట్, షొషోనీ అనే ఇక్కడి మూలవాసి తెగల తల్లులు తరతరాలుగా ఇక్కడే కన్న పిల్లలు ఆ లెక్కలోకి రారు. నిన్నటి ఊరేగింపులోనూ ఆ మాట నాకెక్కడా వినపడలేదు. అదే వారంలో పెద్దకొడుకు పెరిగ్రిన్ ఉత్తరానికి పది మైళ్లు వచ్చి మకాం వేశాడు. మొదట్లో దీన్ని సెషన్స్ సెటిల్‌మెంట్ అనేవాళ్లు. అదే మా బౌంటిఫుల్.

ఆమె మొత్తం 3,977 పురుళ్లు పోసిందని ఇక్కడ చెప్పుకుంటారు. నేను చదువుతూ చదువుతూ నీవెన్ని అని లెక్కేశాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, నెలకి నాలుగనుకున్నా... నువ్వే చెప్పాలి.

ఇక్కణ్ణించి నాన్నకి చదవకు.

వీళ్ల మతంలో అప్పుడు ఒక మగాడికి ఎక్కువమంది పెళ్లాలుండొచ్చు. 1890లో గానీ ఇక మానేస్తున్నాం అని ప్రకటించలేదు. పాటీ దానికి బయటి మనిషేం కాదు. మొగుడుండగానే 1842లో జోసెఫ్ స్మిత్‌తో శాశ్వత బంధమనే తంతు తనకీ జరిగింది, తనే రాసుకుంది. అయినా 1845లో మొగుడు రోసిలా అనే ఆవిణ్ణి చేసుకుంటే తట్టుకోలేకపోయింది. దారిలో, చలికాలం మకాంలో, ఆ ఇద్దరి మధ్యా పొసగలేదు. ఆయన రోసిలా డేరాలో ఉంటే ఈమె ఏడ్చింది. పుస్తకంలో ఆ ఏడుపుకి విడిగా పేజీ లేదమ్మా. పురుడు, వంట, ఏడుపు, వాన, అన్నీ వరసగా ఒకే రాతలో ఉంటాయి. చివరికి 1846 డిసెంబర్‌లో రోసిలా వెనక్కి వెళ్లిపోయింది. 1850లో ఆయన మళ్లీ ఇంకో పెళ్లి చేసుకుని, ఆ ఏడే పోయాడు. మరుసటి ఏడు పాటీ కూడా పెళ్లి చేసుకుంది, పాటల బృందం నడిపే జాన్ పారీని. ఆ రోజు ఏం రాసిందో తెలుసా? నాకు కట్టెలు కొట్టిపెట్టే మనిషి దొరికాడు, దేవుడికి దణ్ణం అని. నేను బస్సులో పైకే నవ్వాను. ఆయనా మూడేళ్లకి ఇంకో పెళ్లి చేసుకున్నాడులే.

రోసిలా పేజీలు చదువుతుంటే నాకు మన నుయ్యి గుర్తొచ్చింది. సంక్రాంతి ముందు, దక్షిణప్పాలెంలో బిడ్డ అడ్డం తిరిగిందని ట్రాక్టర్ మీద వచ్చి నిన్ను తీసుకెళ్లారే, ఆ రాత్రి. తెల్లవారుజామున వచ్చావు. పురిటి మైల అని నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది. నూతి దగ్గర చన్నీళ్లు పోసుకున్నావు, ఆ చలిలో. నాన్న అరుగు మీదే ఉన్నాడు, ఒక్క మాట అనలేదు. తర్వాత నువ్వొచ్చి నా పక్కన పడుకుని ఏడ్చావు. నేను నిద్రపోలేదమ్మా. కళ్లు మూసుకున్నానంతే. పాటీకి అత్తగారే మంత్రసాని. ఆ ఇంట్లో ఈ బాధ లేదు.

ఆఫీసు రిజిస్టరు ఆఫీసులోనే ఇచ్చేశావు. కానీ ఇంట్లో నీ నోటుబుక్కులు రెండు ఉండేవి, ఎర్ర అట్టవి, ట్రంకుపెట్టెలో నా పెళ్లి ఆల్బం కింద. అవి ఉన్నాయా, నాన్న పాత పేపర్లతో పాటు వేసేశాడా? వెతికి, ఉంటే ఫోటో తీసి పంపు. చెల్లి కొడుకుతో తీయించు, నువ్వు తీస్తే సగం వేలే వస్తుంది.

సిల్వియా కూడా 1854లో తల్లి దగ్గరికి వచ్చేసిందిలే. పాటీ తొంభై ఏడేళ్లు బతికింది. పళ్లతోట వేసి, పళ్లమ్మి, షేర్లు కొని, ఆ డబ్బుతో ఈ ఊళ్లోనే బడి కట్టించింది. సమాధి ఇక్కడే ఉంది, పిల్లల స్విమ్మింగ్ క్లాసుకి ఆ పక్కనుంచే వెళ్తాం.

వదిన సంచిలో బాదంపప్పు, నాన్నకి మోకాళ్ల పట్టీ, నీకో గీతల పుస్తకం ఉన్నాయి. పుస్తకం ఎవరికీ ఇవ్వకు, పాలలెక్క రాయకు. దక్షిణప్పాలెం రాత్రి ముందు రాయి. ఆ బిడ్డకి ఏం పేరు పెట్టారో నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.

నీ
పెద్దమ్మాయి