ధర రాయని కార్డు

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరమొచ్చి రెండు నెలలైంది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. అందరం క్షేమం. అమ్మ మోకాలు కాస్త నయం, చంటిదానికి రెండు పళ్ళొచ్చాయి, మిగతావి ఫోన్లో. ఇల్లు దొరికిన సంగతి నీకు చెప్పందే నాకు నిద్ర పట్టేలా లేదు.

మళ్ళీ మిస్సోరీలో మన చదువుల ఊరు మేరీవిల్‌కే వచ్చిపడ్డాం కదా. ఒకే బాత్రూంకి మనం వంతుల టోకెన్లు రాసుకున్న ఆ ఇల్లు ఇంకా ఉంది రా! కిటికీలోంచి పోపు వాసన, ఉన్నది మన పిల్లలే. ఊళ్ళో ఇళ్ళన్నీ యూనివర్సిటీ పిల్లల లెక్కన ఆగస్టులోనే కుదిరిపోయాయి, మేం దిగింది అక్టోబరులో. ఈ ఊరున్న నాడవే కౌంటీ మొత్తానికి ఇరవై వేల చిల్లర జనం. నెట్‌లో మూడిళ్ళు కనబడితే రెండు అప్పటికే అయిపోయాయి. ఇక్కడ ఇల్లంటే నోటిమాట మీద దొరకాల్సిందే. ఎరువుల కొట్లో అడిగాను, బ్యాంకులో అడిగాను. చివరికి హైవీ సరుకుల కొట్టు గుమ్మం దగ్గర బోర్డు మీద పెన్నుతో రాసిన కార్డు: పొలంలో ఇల్లు, మూడు పడగ్గదులు, ఫోన్ చేయండి. ధర లేదు.

పక్కనున్న కన్సెప్షన్ అనే ఊరి వైపు, కంకర రోడ్డు. పెరట్లో నిలబడితే గాలిమరలు. ఇంటావిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి, తను ఊళ్ళో చిన్నింట్లో ఉంటోంది. అద్దెంతండీ అంటే, "నువ్వే చెప్పు నాయనా. పొరుగాయన నెలకి పన్నెండొందల డాలర్లు అడగమంటాడు, మా అబ్బాయి ఐదొందలు చాలంటాడు" అంది.

ఐదొందలు అని నోటిదాకా వచ్చింది గుండూ. మీ చెల్లెలు నా వంక చూసింది. ఆ చూపు నీకు తెలుసు, ఊరగాయ జాడీ నాటి చూపు.

అందుకని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. పన్నెండొందలు ఊళ్ళో పిల్లలు తలకింత చొప్పున పోగేసి ఇచ్చే ధర. ఇక్కడ అంతమంది తలలేవి? హడ్ వాళ్ళు, అదే అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ, ఏటా అక్టోబరు 1 నుంచి కౌంటీకో అద్దె అంకె పెడతారు చూడు, అదీ చూపించాను. అది సగటు కాదు, అద్దెలన్నీ తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేర్చితే 40వ శాతం దగ్గరుండేది. పైగా అందులో కరెంటు, నీళ్ళు, వేడికయ్యే ఖర్చు కలిసే ఉంటాయి. విడి అద్దె అనుకుంటే మునిగామే. "మరి వేడికెంతవుతుందండీ?" అన్నాను.

లోపలికెళ్ళి చెప్పుల డబ్బా తెచ్చింది. రబ్బరు బ్యాండు పట్టుకోగానే పొడైపోయింది. ఇల్లు వేడి చేసే ప్రొపేన్ గ్యాసుకి ఆవిడ భర్త దాచిన బిల్లులు! ట్యాంకు 500 గ్యాలన్లది, 80 శాతమే నింపుతారు కాబట్టి 400. ప్రతి బిల్లు మీదా పెన్సిల్‌తో ఆయన రాత. ఒక జనవరిది: "మైనస్ 14. కట్టెలు అయిపోయాయి. రెండోసారి నింపించాం."

కట్టెలు! అంటే గ్యాసుతో పాటు కట్టెల పొయ్యీ వాడేవాళ్ళు. ఆ పొయ్యి ఇప్పుడు లేదు రా, ఇన్సూరెన్సు కోసం తీయించేసింది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రెండు కుటుంబాలు ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయాయి. ఇల్లు నచ్చలేదేమో అనుకున్నాను" అంది. నాకు గొంతు పట్టేసింది. మా నాన్న తెనాలిలో మేడ అద్దెకిచ్చినప్పుడు కూడా, ఆ మాస్టారు... వద్దులే, అది ఇంకోసారి.

నా మట్టుకు, చలికాలం బిల్లు చూడకుండా చెప్పిన అద్దె అద్దే కాదు. నువ్వు అయోవాలో వెతుకుతున్నావుగా, ముందు ఆ బిల్లు అడుగు. ట్యాంకు ఎవరిది, సెప్టిక్ ఎప్పుడు తోడించారు, మంచు పడితే రోడ్డెవరు తీస్తారు, ఇవీ అడుగు.

చివరికి ఆరొందల యాభై. మొదటి ట్యాంకు ఆవిడే నింపిస్తానంది. అటక మీద ఇన్సులేషన్ సామాను ఖర్చు ఆవిడది, పని నాది. డిపాజిట్ మిస్సోరీ చట్టం ప్రకారం రెండు నెలల దాకా తీసుకోవచ్చు, ఆవిడ ఒక్క నెలదే తీసుకుంది. తాళంచెవితో పాటు ఆ చెప్పుల డబ్బా కూడా నా చేతిలో పెట్టి, "ఇక నువ్వు రాయి" అంది. పెన్సిల్ ముక్క అందులోనే ఉంది రా, నేను దాన్ని

అదిగో ప్రొపేన్ లారీ! వెళ్ళి గేటు తీయాలి. క్రిస్మస్‌కి రా, టోకెన్ నంబరు ఆరు నీకే అట్టిపెట్టాను.

నీ
బక్కోడు