బూరెగాడి దగ్గు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్‌లు మూడూ చూశాను, ఒక్కదానికీ రిప్లై ఇవ్వలేదు, తిట్టుకోకురా. నెల రోజులుగా ఇంట్లో ఒకటే గోల. ముందు మామూలు సంగతులు చెప్పేస్తా: అందరం బాగున్నాం, మా ఆవిడకి కొత్త ప్రాజెక్టు, చిన్ని మూడో క్లాసు, చలి ఇంకా వదల్లేదు. అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి, బూరెగాడికి ఫ్లూ వచ్చిందిరా. అవును, కుక్కలకీ ఫ్లూ వస్తుంది. నాకూ అప్పటిదాకా తెలీదు.

డాలస్‌లో బావమరిది గృహప్రవేశం అని గురువారం వాణ్ణి కుక్కల్ని ఉంచుకునే బోర్డింగ్‌లో వదిలి వెళ్ళాం, ఆదివారం రాత్రి తెచ్చుకున్నాం, బానే ఉన్నాడు. మంగళవారం పొద్దున మొదలైంది దగ్గు. గొంతులో ఎముక ఇరుక్కుంటే కక్కడానికి చూస్తాయే, అలా మెడ చాచి, ఒళ్ళంతా కుదిపేసుకుని దగ్గడం, చివర్లో కాస్త నురగ. నేను నిజంగానే ఎముకే అనుకుని నోట్లో వేలు పెట్టి వెతికాను. ఏం లేదు. సాయంత్రానికి ముక్కు కారడం, కళ్ళు పుసి కట్టడం. పెరుగన్నం గిన్నె పెడితే వాసన చూసి మొహం తిప్పేసుకున్నాడు. పెరుగన్నం అంటే వాడికి ఏంటో నీకు తెలుసు కదా, వీడియో కాల్‌లో నువ్వే 'వీడు తెనాలోడే' అన్నావు. అప్పుడు భయం వేసింది నాకు.

టెంపరేచర్ చూస్తే 104. కుక్కలకి మామూలుగానే 101 నుంచి 102.5 దాకా ఉంటుందట, అయినా 104 అంటే జ్వరమే. ఇంట్లో టైలెనాల్ ఉంది, అదే మన క్రోసిన్, సగం బిళ్ళ వేద్దామా అని చేతిలోకి తీసుకున్నా కూడా. ఎందుకో ముందు డాక్టరమ్మకి ఫోన్ చేశాను, 'అస్సలు వెయ్యకండి, పారాసెటమాల్ గానీ ఇబుప్రోఫెన్ గానీ కుక్కకి విషంతో సమానం' అంది. ఇప్పటికీ తల్చుకుంటే చెయ్యి వణుకుతుంది. నువ్వు కూడా గుర్తు పెట్టుకో, మీ కుక్క టైగర్‌కి మన మందులు ఏవీ వెయ్యొద్దు.

డాక్టరమ్మ లోపలికి రానివ్వలేదు. కార్లోనే కూర్చోమని, గౌను గ్లౌజులు వేసుకుని పార్కింగ్‌లోకే వచ్చి ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీసుకుంది. రెండ్రోజుల్లో రిజల్టు వచ్చింది, హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ. ఇది పక్షుల నుంచి కుక్కలకి ఎక్కిందట, కొరియా, చైనా వైపు ఉండేది కాస్తా 2015లో మా షికాగోలోనే బయటపడి వెయ్యికి పైగా కుక్కలకి పాకింది. దానికంటే ముందు 2004లో ఫ్లోరిడాలో రేసు కుక్కలకి వచ్చింది వేరే రకం, అది గుర్రాల నుంచి. మనుషులకి అంటినట్టు ఇంతవరకూ ఎక్కడా లేదంది, చిన్ని ఉంది కదా అని అదే రెండుసార్లు అడిగాను. పిల్లులకి మాత్రం అంటుతుందట. ఏ కుక్కకీ దీన్ని తట్టుకునే శక్తి ముందు నుంచి ఉండదు కాబట్టి ఎదురుపడితే దాదాపు ప్రతిదానికీ సోకుతుంది, అయిదింట ఒకదానికి పైకి ఏమీ కనపడదు, అయినా అది అంటిస్తూనే ఉంటుంది. అందుకే నాలుగు వారాలు వేరుగా ఉంచమంది.

వైరస్‌కి మందంటూ లేదురా, ఓపికే మందు. కింద బాత్రూం వాడికి ఇచ్చేశాం. మెడ పట్టీ తీసేసి ఛాతీకి కట్టే పట్టీ వేశాం, మెడ మీద ఒత్తిడి పడితే దగ్గు ఎక్కువవుతుందని. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చికెన్ ఉడికించి ఆ నీళ్ళు గోరువెచ్చగా పెడితే, ముక్కు మూసుకుపోయినా ఆ వాసనకి కాస్త నాకేవాడు. రోజుకి మూడుసార్లు షవర్‌లో వేడినీళ్ళు వదిలి తలుపు మూసి ఆ ఆవిరిలో వాడితో కూర్చునేవాణ్ణి. మీ అమ్మ మనిద్దర్నీ ఒకే దుప్పటి కింద కూర్చోబెట్టి ఆవిరి పట్టింది గుర్తుందా, నువ్వు మధ్యలో చేసిన పని కూడా గుర్తుందా? అది రాయను, చిన్ని చదివేస్తుంది.

అయిదో రాత్రి మాత్రం... రెండింటికి మెలకువ వచ్చింది. దగ్గు లేదు, అదే తేడాగా అనిపించింది. వెళ్ళి చూస్తే పడుకోకుండా ముందు కాళ్ళు ఎడం చేసి నిలబడి ఉన్నాడు, డొక్కలు ఎగిరెగిరిపడుతున్నాయి. పడుకున్నప్పుడు నిమిషానికి 30 లోపే ఉండాలి ఊపిరి, ఫోన్‌లో టైం పెట్టి లెక్కపెడితే 52. ముక్కులోంచి పచ్చగా చీమిడి. దుప్పట్లో చుట్టుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో కింద తెల్లగా మసక, న్యుమోనియా మొదలైందన్నారు. ఫ్లూ పుండు చేసిన చోట బాక్టీరియా చేరుతుంది, అప్పుడు పడుతుంది యాంటీబయాటిక్ పని. ఆ రాత్రంతా ఆక్సిజన్ పెట్టెలో ఉంచారు. అద్దం మీద చెయ్యి పెడితే అవతల్నుంచి ముక్కు ఆనించాడు, అద్దం మీద చిన్న ఆవిరి మచ్చ పడింది. ఆ మచ్చ చూస్తూ ఏడ్చాన్రా నేను, మా నాన్న పోయాక మళ్ళీ అప్పుడే.

నాకు మన స్టేషన్ కుక్క రాజుగాడే గుర్తొచ్చాడు శీనూ. రేపల్లె పాసింజరు ప్లాట్‌ఫాం మీద మనం రోజూ సగం బన్ను పెట్టేవాళ్ళం కదా, వాడూ ఇలాగే ముక్కూ కళ్ళూ కారుతూ బెంచీ కింద పడుకునేవాడు, జలుబు తగ్గిపోతుందిలే అని ట్రైన్ ఎక్కేశాం. నాలుగో రోజు వాడు లేడు. అది డిస్టెంపర్, అదే కుక్కల ప్రాణం తీసే అంటురోగం, అయ్యుంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను, మా ఆవిడకి రాజుగాడు తెలీదు కదా.

ఇంటికొచ్చాక అరచెయ్యి దొప్పలా చేసి ఛాతీకి రెండు వైపులా తట్టడం నేర్పారు, కఫం కదలడానికి. చంటిపిల్లకి త్రేన్పు తెప్పించినట్టే. బట్టల మీద ఒక రోజు, నేల మీద రెండ్రోజులు బతుకుతుందట ఆ వైరస్, వాడి దగ్గరికెళ్ళిన ప్రతిసారీ చొక్కా మార్చి చేతులు కడుక్కునేవాణ్ణి. పక్కింటి పెద్దాయనకి ముసలి లాబ్రడార్ ఉంది, తలుపు కొట్టి దూరం నుంచే చెప్పేశాను, దాచడం తప్పనిపించింది.

నన్ను తొలిచేది ఒక్కటే. బోర్డింగ్ వాళ్ళు కెన్నెల్ కాఫ్ (కుక్కలకి వచ్చే అంటు దగ్గు) టీకా అడిగారు, అది ఉంది. ఫ్లూ టీకా మీ ఇష్టం అన్నారు, మూడు వారాల తేడాతో రెండు డోసులు, ఎవరు తిరుగుతారులే అని వదిలేశాను. పూర్తిగా ఆపకపోయినా జబ్బు ఇంత ముదరనిచ్చేది కాదట. వాడు నోరులేని జీవం, ఎక్కడ వదిలితే అక్కడ ఉంటాడు.

నిన్నటితో నాలుగు వారాలు. రాత్రి పెరుగన్నం గిన్నె నాకి నాకి గోడ దాకా తోసుకెళ్ళాడు! ఆ గిన్నె చప్పుడు వినిపించాలి నీకు.

టైగర్ రెండ్రోజులుగా తుమ్ముతున్నాడన్నావు కదా, ఫ్లూనే అనుకోకు, అక్కడ డిస్టెంపర్ భయం ఎక్కువ, ఇవాళే చూపించు. టీకా కార్డు ఫొటో తీసి పంపు, బూస్టర్ డేటు నేను కూడా చూస్తా. ఇంకా ఆ స్థలం సంగతి ఏంటంటే, మీ బాబాయ్ చెప్పిన రేటుకి... అదిగో చిన్ని స్కూల్ బస్ వచ్చేసింది, వీడు అప్పుడే కిటికీ ఎక్కేశాడు, ఉంటాన్రా

నీ
వాసు